బ్రిటన్‌లో అద్దె ఇల్లు, సొంత కారు: పర్మిట్ వీధా, ఆంక్షల్లేని వీధా, డ్రైవ్‌వే ఉన్న ఇల్లా?

ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకు చూసేటప్పుడు స్టేషన్ ఎంత దూరం, స్కూల్ ఎలాంటిది, కౌన్సిల్ ట్యాక్స్ ఏ బ్యాండ్ అని మనవాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ వీధిలో కారు ఏ రోజు, ఏ గంటల్లో నిలపొచ్చో అడిగేవాళ్లు తక్కువ. చేరిన వారంలోనే కారు అద్దానికి జరిమానా టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు అంటించి కనిపిస్తే, అప్పుడు తలెత్తి స్తంభం మీది బోర్డు చదువుతారు.

ముందుగా ఒక సంగతి తెలియాలి. పబ్లిక్ రోడ్డు మీద మీ ఇంటి ముందున్న జాగా మీది కాదు. అక్కడ పక్క వీధివాళ్లు కారు పెట్టినా, ఆంక్షలు లేకపోతే, వాళ్లది తప్పు కాదు. కోన్లు, కుండీలు పెట్టి జాగా ఆపుకోవడం మాత్రం తప్పు. కౌన్సిల్ ఇచ్చే వీధి పార్కింగ్ పర్మిట్ కొన్నా అంతే. అది ఆ జోన్‌లో ఖాళీ దొరికితే నిలుపుకునే అనుమతి మాత్రమే, మీ పేరున ఒక స్థలం రాసివ్వడం కాదు.

కాబట్టి ఏ ఇల్లు మేలో పర్మిట్ ధర ఒక్కటే తేల్చదు. వీధిలో ఆంక్ష ఏ గంటల్లో ఉంది, ఆ గంటల్లో మీ కారు ఇంటి దగ్గర ఉంటుందా లేదా అన్నదే అసలు లెక్క. కింద చెప్పేవన్నీ ఇంగ్లండ్ నిబంధనలు. స్కాట్లాండ్‌లో కొన్ని వేరుగా ఉంటాయి.

ముందు కొట్టేయాల్సింది: పర్మిట్ ఇవ్వని ఫ్లాట్లు

కొత్త ఫ్లాట్లలో చాలావాటికి, ముఖ్యంగా లండన్‌లో, నిర్మాణ అనుమతి ఇచ్చేటప్పుడే కౌన్సిల్ ఒక షరతు పెడుతుంది: ఇక్కడ ఉండేవాళ్లకు వీధి పార్కింగ్ పర్మిట్ ఇవ్వం. దీన్ని కార్‌ఫ్రీ లేదా పర్మిట్‌ఫ్రీ డెవలప్‌మెంట్ అంటారు. బిల్డరుతో చేసుకునే సెక్షన్ 106 ఒప్పందంలో ఇది ఉంటుంది. కామ్‌డెన్ కౌన్సిల్ అయితే 2017 నాటి లోకల్ ప్లాన్‌లో కొత్తగా కట్టేవన్నీ కార్‌ఫ్రీగానే ఉండాలని పెట్టింది. ఫ్లాట్ చేతులు మారినా షరతు పోదు, అద్దెకు వచ్చినవాళ్లకూ వర్తిస్తుంది. బ్లూ బ్యాడ్జ్ (వికలాంగులకిచ్చే పార్కింగ్ కార్డు) ఉన్నవాళ్లకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది.

దీన్ని లెటింగ్ ఏజెంట్ మాటను బట్టి నమ్మకండి. "చుట్టూ వీధి పార్కింగ్ ఉందండీ" అన్నది నిజమే కావచ్చు, కానీ అది మీకు రాకపోవచ్చు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పర్మిట్ దరఖాస్తు పేజీ తెరిచి ఆ ఇంటి పోస్ట్‌కోడ్, డోర్ నంబరు కొట్టండి. అర్హత లేని చిరునామా అయితే చాలా కౌన్సిళ్ల సైట్లు అక్కడే చెప్పేస్తాయి. చెప్పకపోతే పార్కింగ్ విభాగానికి ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే హోల్డింగ్ డిపాజిట్ కట్టండి. కారు తప్పనిసరి అయిన కుటుంబానికి ఈ ఒక్క ఈమెయిల్ ఏడాది తలనొప్పిని తప్పిస్తుంది.

పర్మిట్ వీధి: బోర్డులో ఏముందో అదే మీ జీవితం

కంట్రోల్డ్ పార్కింగ్ జోన్‌ను సీపీజెడ్ అంటారు. జోన్‌లోకి వచ్చే దారుల దగ్గర పెద్ద బోర్డుల మీద ఆంక్షల రోజులు, గంటలు ఉంటాయి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. జోన్ లోపల ఒంటి పసుపు గీత పక్కన వేరే బోర్డు ఉండక్కర్లేదు, ఎంట్రీ బోర్డు మీది గంటలే ఆ గీతకూ వర్తిస్తాయి. ఆ బోర్డు రెండు వీధుల అవతల, మూల మలుపులో ఉండొచ్చు. "ఇక్కడ బోర్డే లేదు" అన్న వాదన అందుకే చెల్లదు. జోడు పసుపు గీతల మీద ఎప్పుడూ పార్కింగ్ లేదు, దానికి బోర్డు అసలే అక్కర్లేదు. గీతలు గీయని చిన్న వీధుల్లో, ముఖ్యంగా దారి మూసుకుపోయే సందుల్లో, మొదట్లోనే "పర్మిట్ హోల్డర్స్ ఓన్లీ పాస్ట్ దిస్ పాయింట్" అన్న బోర్డు ఒక్కటే ఉంటుంది. లోపల బేలు (కారు నిలపడానికి గీసిన గళ్లు) కనబడలేదని నిలిపితే టికెట్ ఖాయం.

బే పక్కన ఉన్న బోర్డు ఇలా చదవాలి. మీద "పీ" అక్షరం, కింద "పర్మిట్ హోల్డర్స్ ఓన్లీ, జోన్ సీ, మన్–ఫ్రై, 10–11 ఏఎమ్" అని ఉందనుకోండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం ఆ ఒక్క గంటే పర్మిట్ కావాలి. మిగతా 23 గంటలు, శని ఆదివారాలు ఎవరైనా నిలపొచ్చు. రోజులు రాయకపోతే అన్ని రోజులూ, గంటలు రాయకపోతే 24 గంటలూ అని అర్థం. బ్యాంక్ హాలిడే నాడు మినహాయింపు అని బోర్డు మీద లేకపోతే ఆ రోజు కూడా ఆంక్ష ఉన్నట్టే. క్రిస్మస్, ఈస్టర్ సెలవుల్లో చాలామంది ఊహ మీద నిలిపి టికెట్ తెచ్చుకుంటారు.

ఆ ఒక్క గంట ఆంక్ష దేనికి? పొద్దున్నే కారు అక్కడ పెట్టి రైలెక్కి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేవాళ్లను ఆపడానికి. రోజు మధ్యలో ఒక గంట అడ్డు పెడితే రోజంతా వదిలేసే పని కుదరదు. స్టేషన్ల చుట్టూ ఇలాంటి జోన్లు ఎక్కువ. రోజూ పొద్దున ఏడింటికి కారేసుకుని వెళ్లి సాయంత్రం ఆరింటికి వచ్చేవాళ్లకు ఇలాంటి వీధి పని రోజుల్లో పర్మిట్ లేకపోయినా గడిచిపోతుంది. కానీ జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న రోజు, సెలవు పెట్టిన రోజు కారు ఎక్కడికి పోతుంది? ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, రైల్లో ఆఫీసుకు వెళ్లేవాళ్లు అయితే పర్మిట్ తీసుకోక తప్పదు. ఉదయం 8.30 నుంచి సాయంత్రం 6.30 దాకా ఉండే జోన్లలోనూ రాత్రి పూట అందరికీ తెరిచే ఉంటుంది. అంటే మీరు రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేసరికి బయటి కార్లతో వీధి నిండి ఉండొచ్చు, పర్మిట్ జేబులో ఉన్నా సరే. రెస్టారెంట్ల పక్కన, స్టేడియం పక్కన ఇల్లయితే ఆంక్ష రాత్రి దాకా ఉన్న జోనే నయం. వెంబ్లీ, ఎమిరేట్స్ స్టేడియాల చుట్టుపక్కల మ్యాచ్, కచేరీ రోజులకు వేరే ఈవెంట్ డే ఆంక్షలు ఉంటాయి. అలాంటి చోట ఆదివారం నలుగురిని భోజనానికి పిలిచే ముందు ఈవెంట్ తేదీలు చూసుకోవాలి.

ధర ఊరిని బట్టి మారుతుంది. చిన్న ఊళ్లలో ఏడాదికి కొన్ని పదుల పౌండ్లతో పోతే, లండన్ లోపలి బరోల్లో కొన్ని వందలు అవుతుంది. చాలా కౌన్సిళ్లు కారు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి ధర కడతాయి, డీజిల్‌కు అదనపు వడ్డన ఉంటుంది. ఇంట్లో రెండో కారుకు మొదటిదానికంటే ఎక్కువ. అందుకే సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు చవకగా వచ్చిందని కొనేముందు లాగ్‌బుక్‌లోని (కారు రిజిస్ట్రేషన్ పత్రం) కార్బన్ అంకెను కౌన్సిల్ ధరల పట్టికతో పోల్చండి. అయినా కౌన్సిల్ ఖజానా నింపుకోవడానికి ధర ఎలా పడితే అలా పెంచకూడదు. 2013లో బార్నెట్ కౌన్సిల్ పెంచిన పర్మిట్ ధరలను హైకోర్టు చెల్లవని తేల్చింది సరిగ్గా ఈ కారణంతోనే.

దరఖాస్తుకు రెండు రుజువులు కావాలి: మీరు అక్కడ ఉంటున్నారని (టెనెన్సీ అగ్రిమెంట్ లేదా కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు), కారు ఆ చిరునామాతో ఉందని (వీ5సీ లాగ్‌బుక్, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్). ఇల్లు మారిన కొత్తలో రెండోది చేతికి రాదు, పర్మిట్ ఆగుతుంది, ఆలోపు టికెట్లు పడతాయి. తాళాలు అందిన రోజే డీవీఎల్ఏ (కార్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో చిరునామా మార్చండి. లాగ్‌బుక్ వచ్చేదాకా కౌన్సిల్‌ను తాత్కాలిక పర్మిట్ అడగండి, చాలాచోట్ల కొన్ని వారాలకు ఇస్తారు. కంపెనీ కారయితే కంపెనీ లెటర్‌హెడ్ మీద మీ పేరు, కారు నంబరుతో ఉత్తరం కావాలి.

ఇక చుట్టాలు. విజిటర్ పర్మిట్లు కొన్నిచోట్ల గీకే కార్డులు, ఎక్కువచోట్ల ఇప్పుడు ఆన్‌లైన్ వోచర్లు. ఏడాదికి ఇన్నేనని పరిమితి ఉంటుంది. పిల్లాడి పుట్టినరోజుకో, సత్యనారాయణ వ్రతానికో పది కార్లు వస్తే ఆ ఒక్క రోజుతోనే కోటాలో చాలా భాగం అయిపోవచ్చు. అలాంటి కార్యక్రమం ఆంక్ష లేని రోజున, మామూలుగా ఆదివారం నాడు పెట్టుకోవడమే తేలిక. ఆన్‌లైన్ వోచర్‌లో కారు నంబరు ఒక్క అక్షరం తప్పు కొట్టినా అది వేరే కారుకు పోయినట్టే. సున్నాకూ "ఓ" అక్షరానికీ పొరపాటు పడటం తరచూ జరిగేదే.

ఆంక్షల్లేని వీధి: ఉచితమే, కానీ ఎంతకాలం?

రూపాయి ఖర్చు లేదు, పర్మిట్ గొడవ లేదు, చుట్టాలు ఎప్పుడైనా రావచ్చు. ఒకటికి మించి కార్లున్న కుటుంబానికి ఇదే మొదటి ఎంపిక. కానీ ఈ వీధి ఏదైనా సీపీజెడ్ సరిహద్దును ఆనుకుని ఉంటే జాగ్రత్త. పర్మిట్ కొనడం ఇష్టం లేని అవతలివాళ్ల కార్లన్నీ ఇటే వచ్చి చేరతాయి. విసిగిపోయిన వీధివాళ్లు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తారు, రెండేళ్లు తిరిగేసరికి ఇదీ జోన్‌లో కలుస్తుంది. కౌన్సిల్ సైట్‌లో "పార్కింగ్ కన్సల్టేషన్స్" పేజీ చూస్తే మీ వీధి వరుసలో ఉందో లేదో తెలుస్తుంది. ఆంక్ష పెట్టాలన్న ప్రతిపాదనపై అధికారిక ప్రకటన వెలువడ్డాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజుల గడువు ఉంటుంది. వీధి స్తంభాలకు కట్టిన కాగితం అదే. అద్దెకున్నవాళ్లు కూడా అభిప్రాయం రాయవచ్చు, దయచేసి రాయండి. ఏ గంటలు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు తరచూ ఆ ఫారాల నుంచే వస్తుంది, పగలంతా కాకుండా ఒక్క గంట చాలని ఎక్కువమంది రాస్తే అలాగే రావచ్చు.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు వీధిని రెండుసార్లు చూడాలి. పని రోజు ఉదయం పదిన్నరకు చూస్తే రైలెక్కే జనం కార్లు ఎన్నో తెలుస్తాయి. రాత్రి తొమ్మిదిన్నరకు చూస్తే వీధివాళ్లవి ఎన్నో తెలుస్తాయి. ఏజెంట్లు ఇల్లు చూపించేది ఎక్కువగా మధ్యాహ్నం మూడింటికి, అప్పుడు వీధి ఖాళీగానే కనబడుతుంది.

ఆంక్షలు లేని వీధిలోనూ నాలుగు తప్పులకు చోటుంది. కూడలికి 10 మీటర్లలోపు నిలపకూడదని హైవే కోడ్ చెబుతుంది. లండన్‌లో ఫుట్‌పాత్ మీద ఒక్క చక్రం ఎక్కించినా టికెట్టే, 1974 చట్టం నుంచి ఉన్న నిషేధం ఇది. వీధి ఇరుకు కదా అని సగం ఎక్కించడం కుదరదు, అలా పెట్టొచ్చని బోర్డు ఉంటే తప్ప. ఎవరి ఇంటి ముందైనా ఫుట్‌పాత్ అంచు దింపి ఉంటే దానికి అడ్డంగా నిలపడం కూడా తప్పే. నాలుగోది రాత్రి పూట: గుర్తించిన బే కాని చోట ట్రాఫిక్ దిశకు ఎదురు ముఖంగా నిలపకూడదు. ఇంకోటి, ట్యాక్స్ ఆపి సార్న్ చేసిన (రోడ్డు మీద వాడటం లేదని ప్రకటించిన) కారును పబ్లిక్ రోడ్డు మీద ఒక్క రోజు కూడా ఉంచకూడదు, దానికి సొంత జాగా కావాలి.

స్కూలు పక్క వీధి అయితే ఇంకో బోర్డు వెతకండి. స్కూల్ స్ట్రీట్ అంటే పిల్లలు వచ్చే, వెళ్లే వేళల్లో వీధికి కార్ల రాకను ఆపేస్తారు, కెమెరాలు నంబర్లు తీసుకుంటాయి. వీధివాళ్లకు మినహాయింపు ఉంటుంది కానీ కారు నంబరు ముందే నమోదు చేయించాలి.

డ్రైవ్‌వే: అంచు రాయి చూడకుండా మాట ఇవ్వకండి

ప్రకటనలో "ఆఫ్‌ స్ట్రీట్ పార్కింగ్" అని ఉంటుంది. ఇంటి ముందు తోట తీసేసి బండలు పరిచి ఉంటారు, కారు పట్టేంత జాగా కనబడుతుంది. ఫుట్‌పాత్ అంచు దగ్గరికి వెళ్లి కిందికి చూడండి. మామూలు అంచు రాయి రోడ్డు కంటే సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు ఎత్తుంటుంది. డ్రైవ్ ముందు అది సుమారు 2.5 సెంటీమీటర్లకు దిగి, రెండు పక్కలా ఏటవాలుగా ఉండాలి. దీన్నే డ్రాప్డ్ కెర్బ్ అంటారు. అది దిగి లేకపోతే ఆ డ్రైవ్‌కు కౌన్సిల్ అనుమతి లేనట్టే లెక్క. ఫుట్‌పాత్ మీదుగా కారు ఎక్కించడమే తప్పు, పైగా ఎవరైనా దానికి అడ్డంగా కారు పెట్టినా మీరేమీ అనలేరు.

అంచు దింపించడం ఇంటి యజమాని పని. కౌన్సిల్ అనుమతి కావాలి, వర్గీకరించిన (ఏ, బీ, సీ) రోడ్డయినా, ఫ్లాట్ అయినా ప్లానింగ్ అనుమతి కూడా కావాలి. జాగా లోతు సుమారు 4.8 మీటర్లు ఉండాలని చాలా కౌన్సిళ్లు అంటాయి. దారిలో చెట్టు, వీధి దీపం, మురుగు జాలీ ఉంటే అడగ్గానే కాదంటారు, లేదా మార్చే ఖర్చు నెత్తిన వేస్తారు. అక్కడ పర్మిట్ బే గీసి ఉంటే దాన్ని తీయడానికి ట్రాఫిక్ ఆర్డర్ మార్చాలి, నెలలు పడుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. "వచ్చే నెలకల్లా చేయించేస్తాను" అన్న యజమాని మాట మీద అద్దె పెంచి ఒప్పుకోవద్దు.

డ్రైవ్ ముందు ఉండే తెల్ల గీతకు దానంతటదే చట్టబలం లేదు. దింపిన అంచుకే ఉంది. అడ్డంగా ఎవరైనా నిలిపితే కౌన్సిల్ పార్కింగ్ విభాగానికి ఫోన్ చేస్తే టికెట్ వేయగలరు. మీ కారు లోపలే ఇరుక్కుపోయి బయటికి రాలేకపోతే 101కు చేస్తే పోలీసులు చూస్తారు. డ్రైవ్ ఖాళీగా ఉంటే వాళ్లు పెద్దగా పట్టించుకోరు.

లెక్క ఎలా వేయాలో చూద్దాం. అంకెలు ఊహించినవే, మీ కౌన్సిల్ ధరలు పెట్టి మార్చుకోండి. రెండు కార్ల ఇల్లు. పర్మిట్ వీధిలో మొదటి కారుకు 120, రెండోదానికి 200, నెలకు మూడు విజిటర్ వోచర్లు ఒక్కోటి 4 పౌండ్ల చొప్పున ఏడాదికి 144. మొత్తం 464 పౌండ్లు. ఒక కారు పట్టే డ్రైవ్‌వే ఇంటికి అద్దె నెలకు 60 ఎక్కువ అనుకుంటే ఏడాదికి 720, రెండో కారుకు పర్మిట్ 120 (వీధిలో నిలిపేది అదొక్కటే కాబట్టి మొదటి కారు ధరే), మొత్తం 840. ఇక్కడ కూడా ఒక మెలిక: సొంత డ్రైవ్ ఉన్న ఇంటికి కొన్ని కౌన్సిళ్లు పర్మిట్లు తగ్గిస్తాయి. పెట్రోలు కార్లకైతే పర్మిట్ వీధే చవక.

ఎలక్ట్రిక్ కారైతే లెక్క తిరగబడుతుంది. ఏడాదికి 10,000 మైళ్లు, యూనిట్‌కు 3.5 మైళ్లు అంటే దాదాపు 2,850 యూనిట్లు. ఇంట్లో రాత్రి రేటుకూ వీధి ఛార్జర్‌కూ తేడా యూనిట్‌కు 30 పెన్నీలు అనుకున్నా ఏడాదికి 855 పౌండ్లు. ఇంటి కరెంటుకు వ్యాట్ 5 శాతం, పబ్లిక్ ఛార్జర్‌కు 20 శాతం. ఇంట్లోంచి ఫుట్‌పాత్ మీదుగా వైరు లాగి ఛార్జింగ్ పెడదామనుకోకండి, నడిచేవాళ్లకు తగిలి పడితే బాధ్యత మీదే.

మిగతా దారులు

జస్ట్‌పార్క్ లాంటి యాప్‌లలో పక్క వీధివాళ్ల డ్రైవ్ నెలవారీ అద్దెకు దొరుకుతుంది. పర్మిట్‌ఫ్రీ ఫ్లాట్‌లో ఉండి కారు తప్పనివాళ్లకు ఇదే నికరమైన దారి. రాత్రి కారు ఎక్కడ ఉంటుందో ఇన్సూరెన్స్ కంపెనీకి నిజం చెప్పండి. కౌన్సిల్ గ్యారేజీలు కూడా అద్దెకిస్తారు, కానీ పాతవి చాలావరకు సుమారు 2.4 మీటర్ల వెడల్పే. ఇప్పటి ఎస్‌యూవీలు అద్దాలతో కలిపి 2 మీటర్లు దాటుతాయి, లోపలికి వెళ్లినా తలుపు తెరుచుకుని దిగలేరు. టేపు పట్టుకెళ్లి ద్వారం కొలవండి.

కొత్త ఎస్టేట్లలో లోపలి రోడ్లు కౌన్సిల్‌వి కాకపోవచ్చు. అక్కడ ప్రైవేటు కంపెనీ వేసేది పార్కింగ్ ఛార్జ్ నోటీసు, కౌన్సిల్ వేసేది పెనాల్టీ ఛార్జ్ నోటీసు. రెండింటి అప్పీలు దారులు వేరు.

టికెట్ పడితే

కౌన్సిల్ టికెట్‌కు 28 రోజుల గడువు. 14 రోజుల్లోపు కడితే సగమే. లండన్ బయట పూర్తి మొత్తం 70 లేదా 50 పౌండ్లు, లండన్‌లో 2025 ఏప్రిల్ నుంచి 160 దాకా ఉంది. తప్పు లేదనుకుంటే ఆ 14 రోజుల్లోపే రాయండి, కాదన్నా సగం అవకాశం చాలాసార్లు మళ్లీ ఇస్తారు. బోర్డు, గీత, కారు మూడూ కనబడే ఫోటోలు ఆ రోజే తీయండి. సమయ పరిమితి ఉన్న బేలో గడువు దాటాక 10 నిమిషాల వెసులుబాటు ఉంది, పసుపు గీత మీద లేదు. మొదట రాసిన ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చితే నోటీస్ టు ఓనర్ (కారు యజమానికి అధికారిక నోటీసు) వస్తుంది, 28 రోజుల్లో జవాబివ్వాలి. అదీ కాదంటే లండన్‌లో లండన్ ట్రైబ్యునల్స్, మిగతా ఇంగ్లండ్‌లో ట్రాఫిక్ పెనాల్టీ ట్రైబ్యునల్. ఈ కాగితాలన్నీ లాగ్‌బుక్‌లోని చిరునామాకే వెళ్తాయి. పాత ఇంటి చిరునామా మార్చనివాళ్లకు మొత్తం సగం పెరిగి, వసూలుదారు తలుపు తట్టేదాకా సంగతే తెలియదు.

ఇండియా వెళ్లే నెల

నాలుగు వారాలకు ఊరెళ్తూ కారును వీధిలో వదిలేవాళ్లకు రెండు ప్రమాదాలు. పర్మిట్ మధ్యలో ముగిసిపోతుంది, లేదా గ్యాస్ పైపు పనికో, పక్కింటి సామాను లారీకో బేను కొన్ని రోజులు సస్పెండ్ చేస్తారు. పసుపు బోర్డు కొన్ని రోజుల ముందే కడతారు కానీ చూసేందుకు మీరుండరు. పర్మిట్ ఉన్నా సస్పెండ్ అయిన బేలో కారుకు టికెట్ పడుతుంది, లాక్కెళ్లిపోవచ్చు కూడా. వెళ్లే ముందు పర్మిట్ తేదీ చూసి పొడిగించండి. ఒక తాళం చెవి నమ్మకమైన పొరుగువాళ్లకిచ్చి, వారానికి రెండుసార్లు బోర్డు చూడమనండి. వాళ్లు కారు కదపాలంటే వాళ్లకు ఇన్సూరెన్స్ ఉండాలి, మీ పాలసీలో వాళ్ల పేరు ముందే చేర్పించండి. ఇల్లు ఎంచుకునేటప్పుడు డ్రైవ్‌వేకు నేను కొంచెం ఎక్కువ మార్కులు వేసేది ఈ కారణానికే. అది లేనివాళ్లు ఆ ఒక్క నెలకు ఎవరిదైనా డ్రైవ్ అద్దెకు తీసుకున్నా సరిపోతుంది. లండన్‌కు తిరిగొచ్చాక కారు కనబడకపోతే, దొంగతనమని పోలీసులకు చెప్పే ముందు ట్రేస్ అనే సర్వీసులో నంబరు కొట్టి చూడండి, లాక్కెళ్లిన కారు ఏ పౌండ్‌లో (అలాంటి కార్లను ఉంచే యార్డు) ఉందో అందులో తెలుస్తుంది.